సవరణ: ఈ20 పెట్రోలు, మైలేజీ లెక్క

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ (చెరకు, గింజల్లాంటి వాటితో తీసే ఆల్కహాల్) కలిపిన పెట్రోలు గురించి నేను పెట్టిన పోస్టులో "ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కూడా మూడో వంతు పడిపోతుంది" అని ఉంది. మొదటి సగం నిజం, రెండో సగం కాదు.

లీటరు ఈ20లో ఇథనాల్ 200 మిల్లీలీటర్లే. మూడో వంతు తగ్గేది ఆ 200లోనే. మొత్తమ్మీద శక్తి సుమారు 6-7 శాతం తక్కువ. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పాత కారు 14 దాకా ఇస్తుంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా కూడా ఇంతే. ఈ20కి తగ్గట్టు ట్యూన్ చేసిన కార్లకైతే 1-2 శాతమే.

అలాగని పాత బండ్లవాళ్ల టెన్షన్ ఉత్తిదేం కాదు. ఇథనాల్ నీటిని లాగుతుంది. వానాకాలమంతా కదలకుండా ఉన్న బండి ట్యాంకులో ఆ నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగొచ్చు. పాత రకం రబ్బరు పైపులు, సీళ్లు ఉబ్బి పాడవ్వొచ్చు.

అదే పోస్టులో ఈ20ని "చెరకు ఇంధనం" అన్న మాటా మార్చి చదవండి. వానలు సరిగ్గా లేక 2023 డిసెంబరులో కేంద్రం ఇథనాల్ తయారీకి చెరకు రసం వాడకానికి కళ్లెం వేసింది. దాంతో మొక్కజొన్న ముందుకొచ్చింది. రైతుకు ధర దొరికితే సంతోషమే, కానీ కోళ్ల దాణాకు కావాల్సిందీ ఆ గింజే. ఇక నీళ్లు, కాలుష్యం సంగతి: ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డెక్కారు.

తిండిగింజల కన్నా వరిగడ్డితో ఇథనాల్ తీసే, హర్యానాలోని పానిపట్‌లో ఉన్న తరహా ప్లాంట్లకే ఎక్కువ డబ్బు పెట్టాలన్న నా అభిప్రాయం మాత్రం అలాగే ఉంది.