గృహస్థాశ్రమంలో ఒక సైనిక లారీ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు రెండింటితోనే ఆపేశారంటే, సైన్యం వేలం వేసిన పాత లారీని ఇంటి ఆవరణలో ఊడదీసే భాగ్యం వారికి కలగలేదన్నమాట. కలిగి ఉంటే ఆ సామెతకు మూడో పాదం వచ్చేది, దాని ముందు తక్కిన రెండూ పిల్లలాటలుగా తేలిపోయేవి. ఇల్లు కట్టేవాడికి మేస్త్రీ ఉంటాడు, పెళ్ళి చేసేవాడికి పురోహితుడు ఉంటాడు. లారీ ఊడదీసేవాడికి ఒక సుత్తి, ఒక పానా, కిరసనాయిలు డబ్బా తప్ప తోడెవరూ ఉండరు.

నా వద్ద ఉన్నది ఒక టన్ను బరువు మోసే నిస్సాన్ లారీ. దాని వంశవృక్షం తెలియనివారి కోసం కొంచెం చెప్పక తప్పదు. ఫిరంగులను మోసే బండ్లు చేయడానికి 1904లో జబల్‌పూర్‌లో నెలకొల్పిన గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ, స్వాతంత్ర్యం వచ్చాక కృష్ణమీనన్ రక్షణ మంత్రిగా ఉన్న రోజుల్లో, 1959లో, జర్మనీకి చెందిన మాన్ కంపెనీ నమూనాతో శక్తిమాన్ లారీలను తయారుచేయడం మొదలుపెట్టింది. తరవాత జపాను నుంచి నిస్సాన్ నమూనాలు వచ్చాయి. వాటిలో పెద్దది నా ఒక టన్ను లారీ, చిన్నది జీపులాంటి జొంగా. జొంగా అనేది ఏ జపాను దేవత పేరో అని నేను చాలాకాలం భక్తితో తలచాను గాని, అది జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే పొడుగాటి సర్కారు పేరులోని తొలి అక్షరాల కూర్పు మాత్రమే. 1999 దాకా తయారైన ఆ బండిని, రాంచీలో ధోనీ నడిపిన పుణ్యాన, ఇప్పటి పిల్లలు కూడా గుర్తుపడతారు. నా లారీని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. బాణం గుర్తు పక్కన 72 అని ఉన్న దాని సైనిక నంబరు పలకను చూసి, అది సైన్యంలో చేరిన సంవత్సరమని నేను వివరించగా, మా అత్తగారు ఎంతో సానుభూతితో, "అయితే దీనికి పింఛను ఏమీ రాదా నాయనా?" అని అడిగారు.

సికింద్రాబాదులో కంటోన్మెంటు గాలి సోకే కాలనీలో ఉంటూ ఇటువంటి బండిని కాపాడకపోతే దేశద్రోహమవుతుందని నేను ఇంట్లో వాదించాను. ఆ వాదన నెగ్గిందని అనుకుంటున్నాను, ఎందుకంటే ఎవరూ తిరిగి జవాబు చెప్పలేదు.

పునరుద్ధరణ అనే గంభీరమైన మాటలో రెండు పనులు ఇమిడి ఉన్నాయి: ఊడదీయడం, తిరిగి బిగించడం. ఈ రెండూ ఒకే పనికి రెండు చివరలని పామరులు భావిస్తారు. అనుభవజ్ఞుడిగా చెబుతున్నాను, వీటి మధ్య బంధుత్వం లేదు. ఊడదీయడంలో ప్రతి సాయంత్రమూ కంటికి కనిపించే ప్రగతి ఉంటుంది: ఉదయం ఉన్న తలుపు సాయంత్రానికి ఉండదు. ముందుగా బ్యాటరీ తీగలు తీసి, ప్రతి కోణం నుంచీ ఫోటోలు తీసి, ప్రతి వైరుకూ చీటీ అంటించి, టార్పాలిన్ కమ్మీలు, వెనక తొట్టి చెక్కలు, తలుపులు, బానెట్, మడ్‌గార్డులు వరుసగా దించి, పెట్రోలు ట్యాంకు ఖాళీచేసి, రేడియేటరు తప్పించి, క్యాబిన్ ఎత్తి పక్కన పెడితే, అంతటి సైనికుడూ తొక్క ఒలిచిన అరటిపండులా నిలబడతాడు. అప్పుడు మనిషికి కలిగే అధికార గర్వం ఏ పదవిలోనూ దొరకదు.

అయితే ఆ గర్వానికి మొదటి దెబ్బ ఎడమ చక్రం దగ్గర తగిలింది. ఆ చక్రం నట్టు మీద పానా వేసి, పానాకు నాలుగడుగుల గొట్టం తొడిగి, దాని మీద నేనూ మా తమ్ముడూ ఎక్కి నిలబడి, మధ్యాహ్నం రెండు గంటల వరకు గెంతాము. రాత్రంతా డీజిలు పోసి నానబెట్టి, మర్నాడు మళ్ళీ గెంతాము. మూడోనాడు పక్క వీధి మెకానిక్కు వచ్చి, పానాను అటు నుంచి ఇటు మార్చి వేసి, ఒక్క గుంజుతో నట్టును వదులుచేశాడు. "ఎడమ పక్కకు ఎడమ మర ఉంటది సార్, మూడు దినాల సంది మీరు బిగిస్తున్రు" అన్నాడు. పరిగెత్తే చక్రం తన నట్టును తానే వదులు చేసుకోకుండా ఉండాలని పాత లారీల్లో అనేకానికి ఎడమ వైపు మరను తిరగేసి చేసేవారట. వదులుచేస్తున్నామని నమ్ముతూ శక్తి కొద్దీ బిగించే విద్య ప్రభుత్వ సంఘాలకు మాత్రమే తెలుసుననుకున్నాను; ఇంటి ఆవరణలో, తండ్రీ తాతల ఆస్తి ఏమీ ఖర్చు కాకుండా, ఇద్దరు అన్నదమ్ములే దానిని సాధించగలరని ఆనాడు రుజువైంది.

రంగు సంగతి మరీ పవిత్రమైనది. సైన్యం తన ఆవరణలోని చెట్టు మొదలుకూ, దారి పక్క రాయికీ జాజూ సున్నమూ వేస్తుందన్నది జగమెరిగిన విషయం. ఆ చేతులే లారీకీ రంగు వేశాయి గనుక, గీకుతూ పోతే పచ్చ కింద పచ్చ, దాని కింద మరో పచ్చ, దాని కింద ఎర్ర ప్రైమరు, దాని కింద తుప్పు, ఆ తుప్పు మీద మళ్ళీ పచ్చ కనిపించాయి. కొన్నిచోట్ల రేకు పోయి రంగే రేకుగా వ్యవహరిస్తోంది. ఇక్కడ మాత్రం వ్యంగ్యం పక్కన పెట్టి ఒక ముక్క చెబుతాను: ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదన్న నిబంధన 2016లో గాని రాలేదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. పొడి గీకుడు గీకి, బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదేవాడు లారీ కంటే ముందే పునరుద్ధరణకు సిద్ధమవుతాడు. నీళ్ళు చల్లి గీకాలి, ముఖానికి సరైన మాస్కు ఉండాలి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. మా ఆవిడ ఈ చివరి సూత్రాన్ని నాకూ వర్తింపజేసి, స్నానం చేస్తే తప్ప వరండా ఎక్కనివ్వలేదు.

లారీ కిందికి దూరినప్పుడు నాకు తత్వబోధ జరిగింది. వెనక ఇరుసు నడుమ గుండ్రంగా ఉబ్బిన డిఫరెన్షియల్ హౌసింగుకు తెల్లరంగు వేసి ఉంది. దాని మీద మాత్రమే వెలుగు పడేలా చాసీ కింద ఒక బుల్లి దీపం ఉంది. శత్రువుకు కనిపించకూడదని లైట్లన్నీ ఆర్పి రాత్రివేళ వరుసగా సాగే లారీల్లో, వెనకవాడు ముందువాడి ఆ తెల్ల గుండును మాత్రం చూస్తూ నడపాలన్నమాట. దారి కనబడదు, గమ్యం తెలియదు, ముందువాడి ముఖం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. వాడి వెనక భాగం మసకగా తెల్లగా కనిపిస్తే చాలు, వందమంది నిశ్చింతగా అనుసరిస్తారు. దీనిని కనిపెట్టింది సైనికులే గాని, దీని పూర్తి ప్రయోజనాన్ని పొందినవారు మన రాజకీయ పార్టీల కార్యకర్తలని నా అభిప్రాయం. కాలనీలోని విశ్రాంత సుబేదారు గారికి ఆ దీపం వెలిగించి చూపించాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఎన్ని రాత్రులు దీన్ని చూస్తూ నడిపానో బాబూ" అన్నారు. దాని మీద నేను తయారుచేసుకున్న హాస్యోక్తులు ఆయన వెళ్ళేదాకా నోట్లోనే ఉండిపోయాయి.

తరవాత ఇంజిను వంతు. ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పరిమాణం, పెట్రోలు మీద దానికున్న అనురాగం ధరలు లెక్కచేయనిది. పోర్టికో కప్పుకు ఉయ్యాల కోసం వేయించిన కొక్కేనికి చైన్ కప్పీ తగిలిద్దామని నేను సూచించగా, మెకానిక్కు కప్పును, కొక్కేన్ని, నన్ను వరుసగా చూసి, ఇంజిను ఎత్తే మూడు కాళ్ళ ఇనుప స్టాండు తెప్పించాడు. ఇంజిను కదిలి, గేరుబాక్సు కదిలి, ప్రొపెల్లర్ షాఫ్టులు, కమాను కట్టలు, ఇరుసులు అన్నీ విడిపోయాక ఒక భౌతికశాస్త్ర రహస్యం బయటపడింది: బిగించి ఉన్న లారీ ఒక లారీ జాగాలో ఇముడుతుంది, విప్పిన లారీకి ఇల్లు చాలదు. క్యాబిన్ డాబా మీదికి పోయింది. తలుపులు మంచం కిందికి చేరాయి. నట్లూ బోల్టులూ 64 డబ్బాల్లోకి, చీటీలతో సహా, వంటింటి అటక మీదికి ఎక్కాయి. వేసవిలో మా అత్తగారు కొత్త ఆవకాయ కోసం జాడీ దించి మూత తీస్తే, ఎర్రటి గ్రీజులో ఊరుతున్న చక్రాల బేరింగులు కనిపించాయి. ఆమె ఏమీ అనలేదు. ఆ ఏడాది ఆవకాయ వాళ్ళ చిన్న కూతురి ఇంట్లో పెట్టారు.

ఇంత త్యాగం చేశాక సర్కారు చేయూతనిస్తుందని ఆశించడం సహజం. 2021లో పాతకాలపు వాహనాలకు కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది: బండికి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపం చెడకూడదు, చాసీలోగాని బాడీలోగాని ఇంజినులోగాని భారీ మార్పు జరిగి ఉండకూడదు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు కట్టాలి, నంబరులో వీఏ అనే అక్షరాలుంటాయి, ప్రదర్శనకో ర్యాలీకో పెట్రోలుకో మరమ్మతుకో తప్ప రోడ్డెక్కకూడదు. ఎంత ఉదారమైన నిబంధనలు! ఒక్కటే చిక్కు, అవి ద్విచక్ర వాహనాలకూ, మనుషులెక్కే కార్లకూ ఉద్దేశించినవి. దేశం కోసం సామాను మోసిన లారీ ఎంత ముసలిదైనా వాటి దృష్టిలో వృద్ధాప్యం రానిదే.

అసలు రూపమే గొప్పదనుకుంటే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఎదురవుతుంది. రక్షణ శాఖకు చెందని ఏ వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని దాని శాసనం. కారణం సమంజసమే; ఎవడు పడితే వాడు పచ్చ బండిలో తిరిగితే సైన్యమెవరో దొంగలెవరో తెలియదు. కాబట్టి నేను బోల్టు బోల్టునూ జబల్‌పూర్ నాటి స్థితికి తెచ్చి, ఆ బండిని చూడగానే సైనిక లారీ అని గుర్తుపట్టించే ఏకైక లక్షణాన్ని మాత్రం వదిలిపెట్టాలి. ప్రహరీగోడకు వేయగా మిగిలిన లేత గులాబీ రంగు అయిదు లీటర్లు ఉందని మా ఆవిడ గుర్తుచేసింది. ఆమె గొంతులో వెటకారమేమైనా ఉందా అని నేటికీ ఆలోచిస్తున్నాను.

ఈలోగా, నివాస ప్రాంతంలో భారీ వాహనం నిలిపినందుకు సంజాయిషీ కోరుతూ కాలనీ సంఘం తాఖీదు పంపింది. కిందటి ఆదివారం అయిదుగురు సభ్యులు తనిఖీకి వచ్చారు. పోర్టికో చూశారు, పెరడు చూశారు, డాబా ఎక్కి అక్కడ ఆరవేసిన వడియాల పక్కనున్న క్యాబిన్‌ను చూసి పిల్లల ఆటవస్తువని తీర్మానించారు. చివరకు ఆవరణలో లారీ ఏదీ కనబడలేదని పుస్తకంలో రాసి, అయిదుగురూ సంతకాలు చేసి, నా చేతా చేయించారు. మూడేళ్ళ శ్రమ తరవాత నా లారీ గురించి వెలువడిన మొదటి అధికారిక పత్రం అదే. వెళ్తూ వెళ్తూ అధ్యక్షుల వారి కాలి బొటనవేలు గేటు పక్కనున్న బ్రేకు డ్రమ్ముకు తగిలింది. ఆయన వంగి దానిని అనుమానంగా తడిమి, "ఇదేమిటమ్మా?" అన్నారు.

"కరివేపాకు కుండీ అన్నయ్యగారూ, రెండు రెబ్బలు తుంపుకెళ్ళండి" అంది మా ఆవిడ.

ఆయన నాలుగు తుంపుకున్నారు.