సమ్మతితో కూడిన సమర్పణ కథలపై ప్రచారంలో ఉన్న ఆరోపణకు ఖండన

"ప్రేమలో ఒకరి ఆధిపత్యం, మరొకరి సమర్పణ ఇతివృత్తంగా వచ్చే కథలు గృహహింసకు కప్పిన పట్టుబట్ట, అవి పడమటి నుంచి వచ్చిన రోగం, వాటిని ఇష్టపడే ఆడవాళ్ళకు ఆత్మగౌరవం లేదు" అన్న సందేశం కొంతకాలంగా హైదరాబాద్ సాహితీ మిత్రుల వాట్సాప్ బృందాలలో తిరుగుతోంది. బర్కత్‌పురాలో నెలకోసారి కూర్చుని కొత్త కథలు చదువుకునే మా బృందానికీ అది చేరింది కనుక జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

హింస గురించిన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తలుపులు మూసిన ఇళ్ళలో దెబ్బలు తిన్న స్త్రీలు మా బంధువులలోనూ ఉన్నారు. అయితే 2005 నాటి గృహహింస చట్టం ఏ బలవంతం నుంచి స్త్రీని కాపాడాలని వచ్చిందో, ఆ బలవంతానికి చోటివ్వకపోవడమే ఈ కథలకు పునాది. మొన్న మేము చదివిన ఒక రాతప్రతిలో ముప్పై దాటిన ఇద్దరు, నల్లకుంటలోని అద్దె ఇంటి వంటగదిలో, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, తమ మధ్య ఏది జరగవచ్చో, ఏది ఎన్నటికీ జరగకూడదో మాట్లాడుకుంటారు. "వద్దు" అన్న మాట ఆటలో భాగంగానే రావచ్చు కాబట్టి, నిజంగా ఆపవలసినప్పుడు పలకడానికి ఆమె "చింతపండు" అనే మాట ఎంచుకుంటుంది. తర్వాత ఒక రాత్రి ఆమె ఆ మాట అంటుంది. అతను వెంటనే ఆమె చేతికట్టు విప్పి, మంచినీళ్ళు తెచ్చి, కారణం అడగకుండా పక్కన కూర్చుంటాడు. భార్యను కొట్టే మనిషిని ఏ మాట అలా ఆపగలదు?

రోగమన్న మాటకు జవాబు చిన్నది. 2022 జనవరి 1న అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఎదుటివారి సమ్మతి లేకుండా బాధించే ధోరణిని రుగ్మతగా ఉంచి, వయోజనుల పరస్పర సమ్మతితో జరిగేదాన్ని ఆ నిర్వచనం నుంచి మినహాయించింది.

పడమటి దిగుమతి అనడం మాత్రం మన సాహిత్యాన్ని మరచిపోవడమే. వాత్స్యాయనుడు కామసూత్రాలలో ప్రణయంలోని నఖక్షతాలకూ (గోటి గాట్లకూ), దంతక్షతాలకూ (పంటి గాట్లకూ), తాడనానికీ (కొట్టడానికీ) విడివిడిగా అధ్యాయాలు కేటాయించాడు. అక్కడే, కుంతల దేశపు శాతకర్ణి శాతవాహనుడి చేతిలో అలాంటి దెబ్బకు రాణి మలయవతి మరణించిందని ఉదాహరణ చూపి, ప్రమాదకరమైన పద్ధతులను నిరసించాడు. ఈ దక్కను నేలను ఏలిన వంశపు రాజునే తప్పుపట్టిన ఆ హెచ్చరిక మనకు పరాయిది ఎలా అవుతుంది? ఇక నంది తిమ్మన పారిజాతాపహరణ కావ్యంలో కృష్ణుడు, అలిగిన సత్యభామ తన తలను తన్నినప్పుడు, తాను ఆమె దాసుడినని, ఆ తాపు తనకు మన్ననేనని అంటాడు. పులకరించిన తన ఒంటి రోమాలు ముళ్ళలా గుచ్చుకుని ఆమె లేత పాదం నొచ్చుకుంటుందేమోనని బాధపడతాడు. అక్కడ ముందస్తు ఒప్పందం లేదన్నది నిజమే. కానీ ప్రేమలో ఇష్టపడి తల వంచడాన్ని తెలుగు పాఠకుడు అయిదు శతాబ్దాలుగా ఆస్వాదిస్తూనే ఉన్నాడు, కృష్ణుడికి ఆత్మగౌరవం లేదని ఎవరూ అనలేదు. అదే పని కథలో స్త్రీ చేస్తే, హద్దులు తానే నిర్ణయించి మరీ చేస్తే, ఆమెను చిన్నబుచ్చడం అన్యాయం.

సమ్మతి ఊసే లేకుండా, పట్టుదలగల మగవాడి మొరటుతనాన్ని ప్రేమగా చూపే కథలు కూడా వస్తున్నాయి. వాటిని మా బృందం నిర్మొహమాటంగా విమర్శిస్తుంది. నల్లకుంట కథ రాసిన మిత్రురాలిని ఒక పత్రిక, వంటగది సంభాషణ సాగదీతగా ఉందనీ, ఆ రెండు పేజీలు తీసేస్తే వేసుకుంటామనీ అడిగింది. ఆమె ఒప్పుకోలేదు, కథ ఇంకా అచ్చు కాలేదు. గృహహింస గురించి నిజంగా కలత చెందుతున్నవారు ఆ రెండు పేజీల పక్షాన మాట్లాడాలని నా కోరిక.