షామియానా, సీపీయూ, 48 అంకెలు

వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటాను, ల్యాప్‌టాప్ కావాలి అని ఇంట్లో ఒక్కసారి అని చూడండి. పెళ్లి సంబంధాల విషయంలో కూడా నోరు విప్పని చుట్టాలు ఆ రోజు గొంతు సవరించుకుంటారు.

జనగామలో టెంట్ హౌస్ నడుపుకునే తండ్రి, డిగ్రీ అయిపోయిన కూతురు అనుకుందాం. మొదటి సలహా చిన్నాన్నది. "గేమింగ్‌ది తీసుకో అన్నా, అన్నిటికీ పనికొస్తది." పనికొస్తుంది, కాదనలేం. కాకపోతే హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) పేజీ చూపించడానికి గ్రాఫిక్స్ కార్డుతో పని లేదు. మోయాల్సింది మాత్రం రెండు కిలోలకు పైన, ఛార్జర్ బరువు అదనం. కోచింగ్ సెంటర్‌కు రోజూ బస్సులో వెళ్లేవాళ్ల భుజానికి ఈ సంగతి వారంలో తెలిసిపోతుంది.

రెండో సలహా డాలస్ నుంచి వాట్సాప్ కాల్‌లో వచ్చింది. "బావా, మ్యాక్ తప్ప ఇంకోటి తీసుకోకండి" అన్నాడు మేనమామ. ఐఫోన్ యాప్‌లు తయారు చేయాలంటే మ్యాక్ తప్పదు, వాటిని తయారు చేసే ఎక్స్‌కోడ్ ప్రోగ్రామ్ అందులోనే నడుస్తుంది మరి. వెబ్‌సైట్లకు ఆ నిర్బంధం లేదు. యంత్రం మంచిదే, బ్యాటరీ ఇంకా మంచిది. ఇప్పటి మోడళ్లలో ర్యామ్ (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) మాత్రం కొన్నాక పెంచలేం, కాబట్టి చవకగా వచ్చిందని పాత 8 జీబీది తీసుకుంటే అది జీవితాంతం 8 జీబీయే. డబ్బు నేను పంపిస్తానన్న ముక్క మేనమామ నోట రాలేదు. మ్యాక్ ముచ్చట అక్కడితో సరి.

తండ్రీకూతుళ్లు రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు చేరుకున్నారు. కంప్యూటర్ సామాను కొనేవాళ్లు సీటీసీ అంటారు. ఒక కొట్టాయన వీళ్లను చూడగానే అరలోంచి ఒకటి తీశాడు.

"సార్, ఐ7 సార్! ఈ రేటుకు ఐ7 ఎక్కడా రాదు."

తండ్రికి ముఖం వెలిగిపోయింది. ఐ3 కంటే ఐ5, ఐ5 కంటే ఐ7, టెంట్ హౌస్ లెక్కలో కూడా ఎక్కువ కుర్చీలు ఎక్కువే కదా. కూతురు వంగి స్టిక్కర్ కింద ఉన్న అంకె అడిగింది. 4600యూ. సీపీయూ, అంటే ల్యాప్‌టాప్‌ను నడిపే చిప్, దాని పేరులో ఐ7 పక్కన ఉండే ఈ అంకెలే అసలు జాతకం. 4తో మొదలైన ఆ నాలుగంకెలకు అర్థం నాలుగో తరం అని. 2013లో వచ్చిన ఆ చిప్‌లో కోర్లు, అంటే పనిచేసే చేతులు, రెండే. పక్క అరలో ఉన్న ఐ3-1215యూ పన్నెండో తరం, ఆరు కోర్లు. పేరుకు చిన్నది, పనికి పెద్దది. పైగా ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న చిప్‌లను, కొన్ని మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. పాత ఐ7 కొంటే విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవడమే మర్యాద.

కొట్టాయన తగ్గలేదు. "అయితే ఇది చూడండి సార్, డాస్ మోడల్, నాలుగైదు వేలు తక్కువ. విండోస్ మేమే వేసిస్తాం, ఫ్రీ!" డాస్ మోడల్ అంటే లోపల విండోస్ లైసెన్స్ లేదని. తెరిస్తే నల్లటి తెర, మిణుకుమనే గీత. ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వేసుకునేవాళ్లకు ఇది నిజంగా లాభసాటి బేరం, 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి చాలు. ఆయన ఫ్రీగా వేసేది మాత్రం దొంగ విండోస్. దాన్ని యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్ ముందుగా యాంటీవైరస్ ఆపమంటుంది. ఇంటికి వచ్చినవాడు కుక్కను కట్టేయమంటే అనుమానించాలి.

చివరికి ఆ ఐ3నే తీసుకున్నారు. విండోస్ 11 లైసెన్స్‌తో, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు), ఫుల్ హెచ్‌డీ తెర, 8 జీబీ ర్యామ్, రెండో స్లాట్ ఖాళీ. ఖాళీ సంగతి కొట్టాయన మాట మీద నమ్మనక్కర్లేదు, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, మెమరీ నొక్కితే స్లాట్లు 2లో 1 వాడకంలో ఉందని అదే చెబుతుంది. అక్కడే ఇంకో 8 జీబీ పెట్టించారు. ర్యామ్‌లోనూ రకాలున్నాయి, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 దిగదు, గాటు వేరేచోట ఉంటుంది, కాబట్టి ఉన్నదేదో చూసి అదే రకం అడగాలి. క్రోమ్‌లో పదిహేను ట్యాబులు, కోడ్ రాసుకునే వీఎస్ కోడ్, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కలిసి నడిచేచోట 16 జీబీ ఆడంబరం కాదు. ఇక్కడిదాకా అంతా సవ్యం.

తప్పు ఆ తర్వాతి పది నిమిషాల్లో జరిగింది. విండోస్ మొదటిసారి తెరిచినప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగింది. కూతురు బిల్లు దగ్గర ఉంది. కొట్లో కుర్రాడు ఆలస్యమెందుకని తన మెయిల్‌తోనే లాగిన్ చేసి, నాలుగంకెల పిన్ పెట్టి, "అయిపోయింది సార్" అని చేతికిచ్చాడు.

ఇంటికొచ్చిన రాత్రి కూతురు నోట్‌ప్యాడ్‌లో మొదటి పేజీ రాసి ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేసింది. డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ నోట్‌ప్యాడే. నోట్‌ప్యాడ్ దాని తోకకు డాట్ టీఎక్స్‌టీ తగిలించింది, విండోస్ ఆ తోకను దాచింది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అని టిక్ పెడితే దొంగ దొరుకుతాడు. సరే, అది చిన్నది.

పెద్దది డెస్క్‌టాప్ మీద ఉంది. నాన్న టెంట్ హౌస్‌కు సైటు చేద్దామని షామియానా ఫోటోలతో సహా ప్రాజెక్టు ఫోల్డర్ అక్కడే పెట్టుకుంది పాపం, కళ్లెదుట ఉంటుందని. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ) బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్ మొత్తం మేఘాల్లోకి ఎక్కుతుంది. ప్రాజెక్టుకు కావాల్సిన సామాను నెట్ నుంచి దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టగానే నోడ్ మాడ్యూల్స్ పేరుతో వేల చిట్టి ఫైళ్లు దిగాయి, వెనకాలే వన్‌డ్రైవ్ వాటిని ఒక్కొక్కటే పైకి మోయడం మొదలుపెట్టింది. నెట్ తండ్రి ఫోన్ హాట్‌స్పాట్‌ది. దాన్ని మీటర్డ్ (డేటాకు లెక్క ఉన్న) కనెక్షన్ అని గుర్తు పెట్టకపోతే విండోస్‌కు మొహమాటం ఉండదు. మధ్యాహ్నానికల్లా ఆ రోజు డేటా అయిపోయింది. సాయంత్రం ఫోన్ మోగింది.

"సార్, నేను ల్యాప్‌టాప్ కొట్టు నుంచి. నా వన్‌డ్రైవ్ 5 జీబీ నిండిపోయిందని మెయిల్ వచ్చింది సార్. తెరిస్తే అన్నీ షామియానాలే!"

కుర్రాడి అకౌంట్, కుర్రాడి మేఘం. సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద ఫోల్డర్ పేరు కూడా అమ్మాయిది కాదు, కుర్రాడి మెయిల్‌లోని మొదటి ఐదక్షరాలు. ఆ ఫోల్డర్ పేరు తర్వాత మార్చబోతే సగం ప్రోగ్రాములు దారి తప్పుతాయి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద తన పేరుతో కొత్త యూజర్‌ను చేర్చి, అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చి, ఫైళ్లు అటు మార్చుకుని పాతది తీసేయడమే దారి. ప్రాజెక్టులకు సీ డ్రైవ్‌లో నేరుగా కోడ్ అని ఒక ఫోల్డర్. రేపు చేద్దాంలే అనుకుంది.

ఆ రాత్రి తమ్ముడు దిగాడు. "లైనక్స్ లేకుంటే డెవలపర్ ఎట్లయితవక్కా?" వీడియో చూస్తూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) వెళ్లి, నమ్మకమైన వ్యవస్థనే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ కాపలాను ఆపాడు. రీస్టార్ట్ అయితే నీలం తెర. బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వండి, 48 అంకెలు. వైరస్ కాదది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్కుకు చాలాసార్లు దానంతటదే తాళం పడుతుంది, ఆ తాళం పేరే బిట్‌లాకర్. సెక్యూర్ బూట్ మారితే ఎవరో ల్యాప్‌టాప్ విప్పారని తాళం అనుమానిస్తుంది. తాళంచెవి అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. ఎవరి అకౌంట్‌లో? అంతే.

రాత్రి పదిన్నరకు కుర్రాడు ఫోన్‌లో ఆరేసి అంకెలు చొప్పున ఎనిమిది గుంపులు చదివాడు. తండ్రి టెంట్ హౌస్ బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాడు. నాలుగో గుంపులో 7 రాశాడా 1 రాశాడా తేలక మళ్లీ మొదటి నుంచి.

తాళం తెరిచాక తమ్ముడు డిస్కులో 60 జీబీ వేరుచేసి ఉబుంటు వేశాడు. డిస్కంతా తుడిచేసే 'ఎరేజ్ డిస్క్' నొక్కలేదు, ఆ ఇంటి అదృష్టం. పొద్దున పదింటికి విండోస్ తెరిస్తే గడియారం నాలుగున్నర చూపించింది. లైనక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని గ్రీనిచ్ కాలంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన కాలమనుకుంటుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. తండ్రి మాత్రం రాహుకాలంలో కొన్నందుకేనని తేల్చేశాడు.

ఇంత యాగీ అక్కర్లేదు. విండోస్ లోపలే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది. టెర్మినల్‌ను (కమాండ్లు కొట్టే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్' అని కొట్టి రీస్టార్ట్ చేస్తే లోపలే ఉబుంటు వచ్చేస్తుంది, బయోస్‌లో వర్చువలైజేషన్ (ఒక యంత్రంలో ఇంకోదాన్ని నడపనిచ్చే సదుపాయం) ఆన్‌లో ఉంటే చాలు. మామూలుగా అది ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు, రెండో 8 జీబీ ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. ప్రాజెక్టు ఫైళ్లు లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉండాలి. సీ డ్రైవ్‌లో ఉంచి అటు నుంచి వాడితే ఎన్‌పీఎం నత్తనడకే. డబ్ల్యూఎస్ఎల్ వచ్చాక కోడ్ ఫోల్డర్‌ను అక్కడికే మార్చేయడం మేలు.

నెలకు టెంట్ హౌస్ సైటు తయారైంది, కొత్త యూజర్‌లో, ఇంకా సీ డ్రైవ్‌లోని కోడ్ ఫోల్డర్ నుంచే. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంది. నెట్‌లో పెడితే షామియానా ఉండాల్సినచోట విరిగిన బొమ్మ గుర్తు. ఫోటో పేరు చివర జేపీజీ పెద్దక్షరాల్లో ఉంది, కోడ్‌లో చిన్నక్షరాల్లో. విండోస్‌కు రెండూ ఒకటే, లైనక్స్ సర్వర్‌కు ఇద్దరు వేర్వేరు మనుషులు. ఎక్స్‌ప్లోరర్‌లో పేరు మార్చి, కోడ్ మార్పుల లెక్క రాసుకునే గిట్‌ను అడిగితే, మారిందేమీ లేదు పొమ్మంది. విండోస్‌లో గిట్ కూడా అక్షరాల సైజు పట్టించుకోదు. 'గిట్ ఎంవీ' అని పాత పేరు, కొత్త పేరు ఇస్తేనే ఒప్పుకుంది. కమిట్ చేసి (మార్పు నమోదు), పుష్ చేసింది (నెట్‌కు పంపడం).

తండ్రి ఫోన్‌లో సైటు తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి, మళ్లీ చిన్నది చేసి చూశాడు.

"ఇంత ఖర్చు పెట్టి ల్యాప్‌టాప్ కొనిస్తే, నా షామియానా గింత చిన్నగ పెట్టినవేంది బిడ్డా?"