షాంపేన్ బదులు జింజర్ ఏల్

డల్లాస్ చుట్టుపక్కల ఎక్కడ చూసినా మనవాళ్ళే గానీ రేంజర్స్ బేస్‌బాల్ మ్యాచ్ అంటే చాలామందికి ఆఫీసులో ఇచ్చిన ఫ్రీ టికెట్టు, నాచోస్, అంతే. జాష్ హామిల్టన్ అంటే ఎవరాయన అంటారు.

1999 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, అందరికంటే ముందు టాంపా బే టీమ్ వాళ్ళు తీసుకున్న కుర్రాడు, 18 ఏళ్ళకే దాదాపు 40 లక్షల డాలర్ల బోనస్. 2001లో కారు యాక్సిడెంట్ అయ్యి ఆట ఆగింది, చేతినిండా డబ్బు, చెయ్యడానికి పని లేదు, టాటూ షాపుల్లో కూర్చోడం మొదలెట్టి తాగుడు, కొకైన్, క్రాక్ దాకా పోయాడు. సస్పెన్షన్. చివరికి అమ్మమ్మ మేరీ హోల్ట్ ఇంట్లో పెట్టుకుంది, ఆవిడే నిలదీసింది కూడా.

2007లో సిన్సినాటికి ఆడాడు, తర్వాతి ఏడు రేంజర్స్‌కి వచ్చాడు. 2008 హోమ్ రన్ డెర్బీలో (ఎవరు ఎక్కువ హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, కొడతారని పోటీ) న్యూయార్క్‌లోని పాత యాంకీ స్టేడియంలో ఒక్క రౌండ్‌లో 28 కొట్టాడు, బంతులు వేసింది చిన్నప్పుడు ఊళ్ళో వేసిన 71 ఏళ్ళ పెద్దాయన! ఫైనల్ ఓడాడనుకోండి, అది ఎవరికి గుర్తుంది.

నాకు మాత్రం నచ్చింది 2010. ఆ ఏడు అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే మేటి ఆటగాడు, కూడా అతనే. ప్లేఆఫ్స్‌లో అదే టాంపా బేని ఓడించాక టీమ్ మేట్స్ మొదట జింజర్ ఏల్‌తో (మందు లేని అల్లం సోడా) అతన్ని తడిపేశారు, గెలిస్తే మామూలుగా చల్లుకునే షాంపేన్ ఉంటే వాడు పక్కకి పోవాల్సొస్తుందని. రోడ్ మీదున్నప్పుడు అతని డబ్బులు కూడా ఓ కోచ్ దగ్గరే ఉండేవి.

అంత చేసినా మళ్ళీ జారాడు, ఒకసారి కాదు. 2015లో తనే వెళ్ళి చెప్పుకుంటే, 12.5 కోట్ల డాలర్లకి తెచ్చుకున్న ఏంజెల్స్ టీమ్ వాళ్ళు జీతంలో ఎక్కువ భాగం వాళ్ళే కట్టి మరీ వదిలించుకున్నారు, రేంజర్సే మళ్ళీ తీసుకున్నారు. 2019లో కూతుర్ని కొట్టాడన్న కేసులో అరెస్టయ్యాడు, అది వెనకేసుకు రావడానికి నా దగ్గర మాటల్లేవు.

మన దగ్గరేమో మానేసినవాడు పార్టీకి రావాలంటేనే భయం. "ఒక్క పెగ్గే కదా బావా, మా మీద ఒట్టు" అని చేతిలో గ్లాసు పెట్టేది మనమే, తర్వాత ఇంట్లో గొడవలైతే పిల్లల సంబంధాలు చెడతాయని గుట్టుగా దాచేదీ మనమే. మన సంఘం కమిటీ వాళ్ళకి ఒక్క మాట, వచ్చే బ్యాంక్వెట్‌లో బార్ ఓ మూలకి జరిపి మజ్జిగ, సోడా, జింజర్ ఏల్ హాలు మధ్యలో పెట్టించండి, ఎవరైనా అది తీసుకుంటే "ఏంటి బాస్, డాక్టర్ వద్దన్నాడా" అని మాత్రం అడక్కండి.