పాతదైతే చాలు, అమృతమేనా?

మా బంధువుల గ్రూపులో ఏడాదికి రెండుసార్లయినా తిరిగే ఫార్వర్డ్ ఒకటుంది. "రెడ్ వైన్ ఎంత పాతదైతే అంత అమృతం. గది ఉష్ణోగ్రతలోనే తాగాలి. అడుగున మడ్డి ఉంటే కల్తీ. రోజూ ఓ గ్లాసు గుండెకు మంచిది. ఏ మాంసం కూరకైనా సరిజోడు." ఈ ఐదింటిలో ఒక్కటీ నిలవదు.

పాతబియ్యం ఏరి కొనుక్కునేవాళ్లం కాబట్టి మొదటి మాట మనకు ఇట్టే నచ్చేస్తుంది. కానీ షాపుల్లో దొరికే రెడ్ వైన్లలో చాలావరకు కొన్న కొన్నేళ్లలోపే తాగేయడానికి చేసినవి. ఫ్రాన్సులో బోజొలే నువో అనే రెడ్ వైన్‌నైతే ఆ ఏటి ద్రాక్షతో చేసి నవంబరు మూడో గురువారమే అమ్మకానికి పెడతారు. దాన్ని పదేళ్లు దాచడమంటే మజ్జిగ దాచుకోవడమే. నిలవకు ఆగాలంటే వగరు, పులుపు రెండూ దండిగా ఉండాలి. ఇటలీలోని పియెమోంటేలో నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలో అలాంటిది. కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో మాగితే తప్ప దానికి ఆ పేరు రాదు. ఇంకా ఎక్కువ మాగిన రకమని సీసా మీద రిజర్వా అని రాయాలంటే 62 నెలలు. లేత బరోలో తాగితే పచ్చి వక్క నమిలినట్టు నోరు పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వగరు మెత్తబడి, గ్లాసు వంచి చూస్తే అంచున ఇటుక రంగు కనిపిస్తుంది. ఇంకా ఉంచితే? పండు వాసన పోయి ఉత్త పులుపు మిగులుతుంది. బరోలోకైనా అంతే.

గది ఉష్ణోగ్రత సరే, ఎవరి గది? ఆ మాట పుట్టింది యూరప్‌లోని చల్లటి పాత ఇళ్లలో. అంటే 16-18 డిగ్రీలు. నేనూ ఆ మాట నమ్మి ఓ సీసాను మూడు వేసవులు బీరువా మీద పెట్టాను. తీసేసరికి బిరడా పైకి పొడుచుకొచ్చి ఉంది. లోపల ఉడికిన జామ్ వాసన. ఇప్పుడైతే తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెడతాను.

మడ్డి కల్తీ కాదు. వగరునిచ్చే టానిన్లు, రంగు కలిసి అడుక్కి దిగినదే అది. ముందురోజే సీసాను నిలబెట్టి, మెల్లగా వంపుకుంటే సరి.

గుండె సంగతికొస్తే, 1991లో ఓ అమెరికా టీవీ కార్యక్రమం ఫ్రెంచివాళ్లకు గుండెజబ్బులు తక్కువుండటానికి రెడ్ వైన్ కారణం కావచ్చంది. అప్పట్నుంచి ఆ మాట ఊళ్లు తిరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2023 జనవరిలో, మద్యం ఎంత తక్కువైనా సురక్షితం కాదని తేల్చేసింది. నేను తాగేది రుచి కోసం. మనవాళ్లు మందు అంటారని అది మందైపోదు.

ఇక మాంసం కూర. గుంటూరు కారం దట్టించిన మటన్‌తో పాత రెడ్ వైన్ తాగి చూడండి. ఆల్కహాల్ మంటను ఎగదోస్తుంది, ఏళ్ల తరబడి మాగి తెచ్చుకున్న సువాసన కారం కింద పడి చచ్చిపోతుంది. పియెమోంటే ఇళ్లలో బ్రసాటో అని వండుతారు. గొడ్డుమాంసాన్ని క్యారెట్, ఉల్లి, సెలరీ, లవంగాలు, దాల్చినచెక్కతో రాత్రంతా వైన్లో నానబెట్టి, సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. మిరపకాయ ఊసే ఉండదు. నేను మటన్‌తో అలాగే చేస్తాను, కాస్త మిరియాల పొడి వేసి. మా ఆవిడ దాన్ని పథ్యం కూర అంటుంది. గ్లాసు మాత్రం ముందుకు జరుపుతుంది.