సవరణ: నాన్నగారి వేలి తిమ్మిరి రక్తం చాలక కాదు

నాన్నగారి గుండె బైపాస్ ఆపరేషన్ గురించి మొన్న రాసిన పోస్టులో తప్పు దొర్లింది. గుండెకు అతికించడానికి ఎడమ ముంజేతి ధమని తీశారు కాబట్టి రక్తం చాలక బొటనవేలి వెనక తిమ్మిరెక్కుతోందని రాశాను. అది నా సొంత వైద్యం. తీసింది బొటనవేలి వైపుండే రేడియల్ ధమని. చిటికెనవేలి వైపున్న అల్నార్ ధమని చేతికంతా రక్తం ఇస్తుంది. అది చాలుతుందో లేదో ఆపరేషన్‌కి ముందే మణికట్టు నొక్కిపట్టి చూశారు కూడా. అసలు సంగతి, ధమని పక్కనే ఉండే నరం దెబ్బతింది. అది స్పర్శ నరం, కండరాలను ఆడించేది కాదు. అందుకే అమలాపురంలో మా పెరట్లో బొండం చెక్కేటప్పుడు ఎడమచేతి పట్టు ఎప్పటిలాగే ఉంది, వేలి మీద చీమ పాకితే మాత్రం ఆయనకు తెలియడం లేదు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. పోస్టు చదివి టెన్షన్ పడి ఫోన్ చేసిన రాజోలు పిన్నీ, సారీ.