మహారాజశ్రీ కిట్ లెన్సు గారికి

మహారాజశ్రీ 18-55 కిట్ లెన్సు గారి సముఖమునకు, హైదరాబాదు బ్యాడ్మింటన్ గ్యాలరీల వారు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

కోఠిలో కెమెరా బేరం తెగాక "లెన్సు గూడ దీంట్లనే వస్తది సార్" అనగానే కరగని వాడెవడు? ట్యాంక్‌బండ్ మీద ఎండలో మీ పనికి వంక పెట్టలేం. ఆ నమ్మకంతోనే పిల్లల మ్యాచికి మిమ్మల్ని మెడలో వేసుకొస్తారు.

గచ్చిబౌలి నుంచి సరూర్‌నగర్ దాకా ఏ ఇండోర్ స్టేడియమైనా సరే, 55కి జూమ్ చేయగానే మీ కన్ను, అంటే వెలుతురు దూరే అపెర్చరు, ఎఫ్/5.6కి కుంచించుకుపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదన్నమాట). ఎఫ్/2.8 లెన్సు రానిచ్చే వెలుతురులో అది పావు వంతు. స్మాష్ కొట్టే చెయ్యి చెదరకుండా రావాలంటే షట్టరు సెకనులో 1/1000 వంతే తెరుచుకోవాలి. వెలుతురు చాలనప్పుడు పెంచుకునే ఐఎస్ఓ, ఎఫ్/2.8తో 6400 సరిపోయే హాల్లో తమరికి 25600 సమర్పించుకోవాలి. ఆటో మోడ్‌లో పెడితే మాత్రం కెమెరా తెలివిగా 1/60కి దిగి, ఐఎస్ఓ 1600తో సరిపెడుతుంది. ఫొటోలో నాయిజూ (ఐఎస్ఓ పెంచితే వచ్చే గరుకు చుక్కలు) ఉండదు, ఆడే పిల్లా ఉండదు. ఫ్లాష్ వేద్దామంటే బ్యాడ్మింటన్‌లో అది నిషిద్ధం.

ఇంత చేసీ తిట్లన్నీ పాపం బాడీకే! "మెగాపిక్సెల్స్ చాలవు, ఫుల్‌ఫ్రేమ్ కొందాం" అంటారు. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ వల్ల కలిసొచ్చేది ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు), మహా అయితే ఇంకొంచెం. మీ స్థానంలో జూమ్ లేని 85 ఎఫ్/1.8 ప్రైమ్ లెన్సు కూర్చుంటే మూడు స్టాపుల పైనే, అంటే దాదాపు పదింతల వెలుతురు. చిన్న సెన్సర్ ఉండే క్రాప్ బాడీ మీద అది 130 లెక్కన పడుతుంది కాబట్టి కోర్టు పక్కన కూర్చున్నవాడికి దిగుల్లేదు. గ్యాలరీ పైనుంచి తీయాలంటే 70-200 ఎఫ్/2.8 తప్పదు, జేబుకు చిల్లు తప్పదు. సెకండ్‌హ్యాండ్ చూసుకోవడం మేలు.

బాడీలో చూడాల్సింది వేరే ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి హాలు లైట్లు చాలావరకు సెకనుకు వందసార్లు ఎక్కి దిగుతుంటాయి. 1/1000లో ఒక ఫ్రేము తెల్లగా వస్తే పక్కది పచ్చగా, మసగ్గా వస్తుంది. యాంటీ-ఫ్లికర్ ఉన్న బాడీ వెలుగు పతాకస్థాయికొచ్చే క్షణం చూసి షట్టరు వదులుతుంది. ఆ ఆప్షన్ ఉందో లేదో అడక్కుండా డబ్బు కట్టకూడదు. సైలెంట్ మోడ్ మోజు మరొకటి. సెన్సర్ వరుస తర్వాత వరుస చదివే మామూలు మిర్రర్‌లెస్‌లో ఎలక్ట్రానిక్ షట్టరు పెడితే ఎల్‌ఈడీ కింద చారలు పడతాయి, రాకెట్టు వంకరపోతుంది. అందుకే మెకానికల్ షట్టరే.

తమరు లేని రోజున మా ఏర్పాటు ఇదీ: మాన్యువల్ మోడ్, 1/1000, అపెర్చరు పూర్తిగా తెరిచి, ఆటో ఐఎస్ఓకి 12800 దగ్గర కట్టడి, ఫోకస్ కంటిన్యువస్ (కదిలే ఆటగాణ్ణి వెంటాడేది), ఫైలు రా (RAW, కెమెరా దిద్దని ముడి ఫైలు). రంగులు ఇంటికెళ్లి సరిచేసుకుంటాం.

తమర్ని అటకెక్కిస్తున్నామని అపోహ వద్దు. ఆదివారం పొద్దున చార్మినార్ డ్యూటీ తమరిదే. ఎఫ్/8 పెట్టుకుని దయచేయండి.

చిత్తగించవలెను.